చిత్తూరులో ఒక కంబళితోట

జెద్దా పాతపట్టణమైన బలదులో నసీఫ్ భవనము ముంగిట ఒక వేపచెట్టు కలదు. 1872లో ఆరంభమై 1881 నాటికి పూర్తియైన ఆ మేడను పూర్వము జనులు "చెట్టున్న యిల్లు" అని పిలుచుచుండిరట. ఏలనన, చిరకాలము ఆ నగరమున ఆనవాలు చెప్పుటకు అక్కఱకు వచ్చిన చెట్టు అదియొక్కటియే. మన యూళ్ళలో వీధికి పది వేపలున్నను ఒక్కదానికిని పేరుండదు. ఇచ్చట ఒక్క వేప ఒక మేడకే పేరు పెట్టినది. పరదేశమున నున్న తెలుగువాడు సాయంకాలమున ఆ కొమ్మల క్రింద నిలువబడినపుడు రాలిన పండొకటి ఏరి చిదిమి వాసన చూడక పోజాలడు. నేనును చూచితిని.

ఆ పాతపట్టణపు ఇండ్లను చూచినకొలది వింత గొలుపును. ఎఱ్ఱసముద్రపు దిబ్బలనుండి తవ్వితీసిన పగడపురాతితో గోడలు లేపి, నడుమ నడుమ దూలములు పొదిగి, వీధివైపున రవాషీనులనెడి కొయ్యగవాక్షములను అంతస్తు వెంబడి అంతస్తు వ్రేలాడదీసి, సముద్రపుగాలిని ఇంటిలోనికి పిలుచుకొని, గాలిపంకా యెఱుగని తరములు ఆ యుక్కలో బ్రదికినవి. నదిలేదు, చెఱువులేదు, వాన యెప్పుడో యొకటి. దానినే గచ్చుతొట్లలో పట్టి నిలువచేసికొని, లేనివారు కావడివానియొద్ద కొనుక్కొని, గుక్కెడు గుక్కెడుగా వాడుకొనుచుండిరి. తురుష్కప్రభుత్వపు కడపటి దినములలో సముద్రజలమును కాచి మంచినీరు దింపు యంత్రమొకటి వచ్చెను. దానిని జనులు "కందాస" యనిరి. 1947లో వాదీ ఫాతిమా యూటలనుండి గొట్టములద్వారా నీరు ఊరుచేరెను; ఆ సంవత్సరమే పోర్చుగీసువారి భయమున నాలుగు శతాబ్దులకు పూర్వము కట్టిన ప్రాకారమును కూల్చివేసిరి. ఊరు సంకెల తెంచుకొనిన దినమును, దాహము తీరిన దినమును ఒక్క యేటనే వచ్చుట కాకతాళీయమే కావచ్చును.

విద్యుత్తు తీగతోను, పురపాలకపు కొళాయితోను నిమిత్తము లేకుండ, సొంతబావి, సొంతమడి, సొంతపాడి, వేకువ ప్రార్థన, మాపటి ప్రార్థన – ఇంతమాత్రముతో బ్రదుకవలెనని పాశ్చాత్యదేశములలో కొన్ని క్రైస్తవకుటుంబములు నేడు అడవియంచులకు తరలిపోవుచున్నవని విందుము. వారు కోరి వరించుచున్న లేమిని జెద్దా పౌరులు తప్పనిసరియై శతాబ్దులపాటు అనుభవించిరి. కాని యొక్కమాట. ఆ జెద్దావాసుల అన్నపు బియ్యము హిందూదేశపు ఓడలలో వచ్చెను; గవాక్షముల టేకుకొయ్యలోను మంచిభాగము తూర్పుదేశములనుండి సముద్రము దాటియే వచ్చెను. తనకు తాను చాలుకొన్నది యని మనము తలచు ప్రతి గృహమునకును వెనుక నెక్కడనో ఒక రేవు కలదన్న అనుమానము నాకు ఆ వేపచెట్టు క్రిందనే కలిగినది. ఆ యనుమానమే నన్ను చిత్తూరు చేర్చినది.

చేర్చినవాడు పాలకొల్లు ప్రాంతమునుండి వచ్చి యిచ్చట విద్యుత్పని చేసికొనుచున్న యొక యువకుడు. మాటలమీద వారి యూరి మందిరము ప్రసక్తి వచ్చినది. "మా మందిరంలో పాస్టరుగారంటూ ఎవరూ ఉండరండి. ఆదివారం రొట్టె విరవడానికి సహోదరులే చాలండి. మా తాతల నాటినుంచీ అంతేనండి" అని అతడనెను. ఆ తాతల నాటి వఱకు పోదమని నేను బయలుదేరగా, త్రోవ గోదావరిని దాటి, చిత్తూరును దాటి, బాగ్దాదు మీదుగా ఇంగ్లండులోని ఎక్సెటరు పట్టణమునకు పోయినది.

ఎక్సెటరులో ఆంథొనీ నారిస్ గ్రోవ్సు అను దంతవైద్యుడుండెను. 1795లో జన్మించినవాడు; ఏటికి వేయి పౌండ్లకు మించిన ఆదాయము గలవాడు. మొదట ఆదాయమున దశమభాగమును, పిమ్మట నాల్గవవంతును, తుదకు కనీసపు ఖర్చులు పోగా మిగిలినదంతయు ధర్మమునకిచ్చుచు వచ్చి, క్రైస్తవుడు రేపటికై ధనము కూడబెట్టరాదను వాదముతో 1825లో ఒక చిన్నపుస్తకమును ప్రకటించెను. చదివి మెచ్చినవారు పలువురు, ఆచరించినవారు కొలదిమంది. అనాథశరణాలయముల మూలమున పేరుగన్న జార్జి ముల్లరు ఆ కొలదిమందిలో నొకడు. గ్రోవ్సు చెల్లెలిని పెండ్లాడినవాడు. విశ్వాసులు కూడుకొని రొట్టె విరుచుటకు అభిషిక్తుడగు గురువు అవసరము లేదని గ్రోవ్సు 1827 ప్రాంతమున డబ్లినులో మిత్రులతో ననెను. మా పాలకొల్లు యువకుని నోట వచ్చిన మాటకు మూలము అదియే.

1829లో ఆతడు వృత్తి విడిచి, భార్యాపుత్రులతో రష్యా మీదుగా బాగ్దాదు చేరెను. 1831లో అచ్చట మహమ్మారి పుట్టెను. టైగ్రిసునది పొంగి ఒక్కరాత్రిలో వేలకొలది యిండ్లను కూల్చెను. మే మాసమున భార్య మేరీ మరణించెను, కొన్ని నెలలకు పసికూతురును పోయెను. ఆ శోకమునుండి తేరుకొనుచున్న కాలమున భూమార్గమున హిందూదేశమునకు తిరిగివచ్చుచున్న ఒక సైనిక యింజనీరు ఆతని యింట దిగెను. ఆతడు ఆర్థరు కాటను! మన గోదావరి డెల్టాలో విగ్రహము లేని యూరు అరుదనిపించు ఆ కాటను దొరయే. 1833లో ఇరువురును కలసి బొంబాయికి పయనమైరి. ధవళేశ్వరపు ఆనకట్ట ఆ నాటికి ఇంకను పదునాలుగేండ్ల దూరమున నుండెను. నందన కరవు మాత్రము అప్పుడే గుంటూరుసీమను కాటిపాలు చేయుచుండెను. ఆ ప్రయాణమున వారేమి మాటాడుకొనిరో గాని, గోదావరికిని గ్రోవ్సునకును ముడిపడినది అటుపిమ్మటనే.

ఇంగ్లండునకు పోయి, హారియెట్ బేన్సు అను నామెను వివాహమాడి, 1836లో గ్రోవ్సు ఒక చిన్న పరివారముతో మద్రాసున దిగెను. ఆ గుంపు కూర్పే విచిత్రము. డెవనుసీమనుండి వచ్చిన విలియం బౌడెను రాతిపనివాడు. ఆతని మిత్రుడు జార్జి బీరు చెప్పులు కుట్టువాడు. గ్రోవ్సు కొడుకులకు చదువుచెప్పుటకై వచ్చిన యువకుడు హెర్మాన్ గుండర్టు, తరువాత 1872లో మలయాళ నిఘంటువును ప్రకటించి కేరళీయులకు ప్రాతఃస్మరణీయుడైనవాడు, రచయిత హెర్మాన్ హెస్సెకు మాతామహుడు. వీరిలో నెవరికిని సంఘమునుండి జీతము లేదు. మద్రాసులో గ్రోవ్సు మరల పండ్లు పెఱికి, పండ్లు కట్టి, ఆ రాబడితో బలగమును పోషించెను. దొరలు నోరు తెఱచినపుడు కాసులు రాలినవన్నమాట!

1837లో ఆతడు చిత్తూరు చేరెను. అప్పటికది ఉత్తర ఆర్కాటు మండలమునకు ముఖ్యపట్టణము. నాలుగువైపుల కొండలు, మోటబావుల క్రింద పైరు, తెలుగు అరవము సమముగా వినవచ్చు అంగడి. అచ్చట నేల సంపాదించి ఆతడొక వ్యవసాయనివాసమును నెలకొల్పెను. ఉద్దేశ్యము స్పష్టము: ఉపదేశకుడు కూలికి మాటలు చెప్పరాదు, మతము పుచ్చుకొన్నవాడు దొర దయపై బ్రదుకరాదు, ఇరువురును ఒక్కచేలో పనిచేసి, ఒక్క యింటివారివలె భుజించి, మిగిలిన ప్రొద్దు ఊళ్ళమీద పోయి వాక్యము చెప్పవలెను. ఇట్టి యత్నము హిందూదేశమున క్రొత్తది కాదు. చెప్పులు కుట్టి వచ్చిన విలియం కేరీ వంగదేశమున నీలిమందు కర్మాగారము నడిపి పొట్టపోసికొనెను. 1800లో సెరాంపూరున సహచరులతో ఉమ్మడివంట పెట్టెను.

గ్రోవ్సు ఎన్నుకొన్న పైరు మల్బరీ. మన పెద్దలు కంబళిచెట్టన్నది అదియే. పట్టుసాగును కన్నవారికి దాని తీరు తెలియును. పెసరగింజలో పదవవంతైనను లేని గుడ్డు పగిలి పురుగు బయటపడిననాటినుండి దాదాపు ఇరువదియైదు దినములు దానికి ఆకు మేపుటయే ఇంటిల్లిపాదికిని పని. వాడిన ఆకు పనికిరాదు, తడిసినది పనికిరాదు. వేకువ నొకమాఱు, నడిరేయి నొకమాఱు కోసి తఱిగి వేయవలెను. నాలుగుమాఱులు పురుగు చర్మము విడుచును, విడిచిన ప్రతిసారియు ఆకలి హెచ్చును. కడపటి వారమున మేపుచున్నపుడు చాటలలో వానచినుకులు పడుచున్నట్లు నమలుడు వినబడును. అటుపిమ్మట చంద్రికలనెడి వెదురుతట్టల మీదికి చేర్చినచో మూడు దినములలో గూడు కట్టుకొనును. ఆ గూటిని వేడినీట వేసి దారము తీయవలెను. ఇదంతయు కుటుంబముగా చేయదగిన పని, పిల్లలును వృద్ధులును చేయిసాయము పట్టదగిన పని. క్రైస్తవగృహమునకు ఇంతకన్న తగిన వృత్తి యేది యని గ్రోవ్సు తలచెనేమో! పురుగునకు ఇరువదియైదు డిగ్రీల చుట్టునున్న చల్లదనము హితమనియు, చిత్తూరు వేసవి అట్టి దయ చూపదనియు ఆ కొండలక్రింది రైతు నెవరినడిగినను చెప్పియుండును.

తోట నష్టపడెను. పెంచుటకై అప్పుచేసెను, అప్పు వడ్డీతో పెరిగెను; రేపటికై దాచరాదన్నవాడు రేపటి బాకీనిగూర్చి నిదుర మానవలసివచ్చెను. నాకు తోచునది చెప్పెదను. ఆతని తప్పు సేద్యమునకు దిగుట కాదు. తినుటకు వీలులేని పంటకు దిగుట. జొన్న వేసినవానికి ధర పడిపోయినను జొన్నరొట్టె మిగులును. పట్టు వేసినవానికి బజారు లేకున్న నేమి మిగులును? వంగదేశపు పట్టును, చీనాపట్టును లండను అంగడిలో రాసులుపడియుండగా చిత్తూరు గూటికి వెల కట్టువారు ఎచ్చటివారో ఆతడు ఆలోచింపలేదు. నిరాడంబరజీవనమునకై వేసిన తోట ఏ సంపన్నుని అంగరఖా కొఱకో పట్టుదారము తీయవలసివచ్చెను. జెద్దావాసి బియ్యపు ఓడకై ఎదురుచూచినట్లు చిత్తూరు భక్తుడు పట్టు ధరకై ఎదురుచూచెను. ఆతని కొడుకులు తరువాత మైసూరుసీమలో శ్రీరంగపట్టణము దాపున పాలహళ్ళిలో చక్కెర కర్మాగారము నడిపి వ్యాపారులైరి. గుండర్టు 1838లోనే, పరివారములోని యువతి జూలీ దుబోవాను పెండ్లాడి, మంగళూరి బాసెల్ మిషనులో చేరిపోయెను. గ్రోవ్సు 1852లో కడపటిమాఱు హిందూదేశము విడిచి, మరుచటి యేట బ్రిస్టలులో ముల్లరు ఇంట కన్నుమూసెను. తన బ్రదుకు నిష్ఫలమైనదన్న దిగులు ఆతనిని చివరివఱకు వేధించెనందురు.

చిత్తూరు తోట ఎండినచోట ఎండగా, రాతిపనివాడును చెప్పులు కుట్టువాడును మచిలీపట్టణము మీదుగా గోదావరి డెల్టా చేరిరి. బీరు నరసాపురమునను, బౌడెను పాలకొల్లునను నిలిచిరి. తోట లేదు, పెట్టుబడి లేదు, నెలసరి జీతము లేదు. ఇంగ్లండులోని బీదమిత్రులు పంపగలిగినపుడు పంపినది, పంపలేనపుడు పస్తు. తెలుగు నేర్చుటకు ఏండ్లు పట్టెను. మొదటి శిష్యులు దొరకుటకు మఱికొన్ని యేండ్లు. కాలువలు త్రవ్వకమునుపు ఆ డెల్టా నేడు మనమెఱిగిన పచ్చని డెల్టా కాదు. వరదయేట ముంపు, వట్టియేట కరవు. 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట పని మొదలై 1852లో ముగిసెను. ఆ మరుచటి యేట, గ్రోవ్సు పోయిన యేటనే, బీరు మరణించెను. ఆతని భార్య స్వదేశమునకు తిరిగిపోక పిల్లలతో నరసాపురముననే నిలిచెను. కొడుకులు తండ్రిపని చేపట్టిరి. బౌడెను 1876 వఱకు జీవించెను. దాదాపు నలుబదియేండ్లు ఒక్క సీమలో నిలుచుట యనునది చిన్నమాట కాదు. గ్రోవ్సు వెదకినది ఇట్టి గృహస్థజీవనమునే కావచ్చును. దొరికినది మాత్రము వీరికి. జీతగాడైన గురువు లేని మందిరములు, ఊరివారే పెద్దలై నడుపు కూడికలు ఆ పట్టుననే పాతుకొన్నవి.

అరవదేశమున గ్రోవ్సు శిష్యుడైన అరుళప్పన్ 1840లో శ్రీవిల్లిపుత్తూరు దాపున క్రిస్టియన్‌పేట యను పల్లెను నెలకొల్పి, జీతము లేకుండ, పొలముపై ఆధారపడి సువార్త చెప్పెను. 

ఇదంతయు నేను క్లుప్తముగా చెప్పినపుడు ఆ యువకుడు చాలసేపు ఊరకుండెను. చర్చి భవనమనునది లేని ఈ దేశమున, శుక్రవారపు సెలవున, మన గోదావరివారు గదిలో నలుగురు కూడినపుడు మొదటి ప్రశ్న "ఇంటికి డబ్బు పంపావా?" అనునదే. వారి ఇండ్లకును రేవు ఒకటి కలదు, అది జెద్దాయే. "కాటన్ దొరతో కలిసి వచ్చారాండీ? అబ్బ! మా అమ్మకి చెప్పాలండి" అని మాత్రము తుద కతడనెను. ఇంతలో సమీపపు మసీదునుండి సాయంకాలపు అజాను వినవచ్చినది; దుకాణములు తలుపులు వేసికొనసాగినవి. అతడు నేలపైనుంచిన పనిముట్ల సంచి నెత్తి భుజమునకు తగిలించుకొని, మఱునాడుదయము ఆరింటికే నాలుగవ అంతస్తులో తీగలు లాగవలసియున్నదని చెప్పి, వేపపండు గుజ్జంటిన చేతిని గోడకు తుడుచుకొనుచు బస్సు నిలుచుచోటికి నడచిపోయెను.