ఆగిన గంటము – గురజాడవారి దారి



పద్యము చెప్ప నలవాటున్న పెద్దల కెల్లరకును ఒక కష్టము తెలిసియే యుండును. భావము మనస్సులో నిండుగా నుండును. మొదటి పాదము సుఖముగా వచ్చును. రెండవపాదమున గంటము నిలిచిపోవును. దినములు గడచినను కదలదు. సరస్వతి యలిగినదని కొందరును, వయస్సు మీఱినదని కొందరును ఆ ప్రయత్నమునే విడిచెదరు. ఈ కష్టమును దాటుట యెట్లు అను విషయమున విజయనగర చరిత్రము మన కొక పాఠము చెప్పుచున్నది.

1862లో జన్మించిన గురజాడ వేంకట అప్పారావుగారు విజయనగరమున చదివి, అచ్చటి మహారాజా కళాశాలలో ఉపాధ్యాయులై, పిమ్మట ఆనంద గజపతి మహారాజుగారి సంస్థానమున శాసన పరిశోధకులైరి. యౌవనమున ఆయన యింగ్లీషులో కవిత్వము వ్రాసిరి. ఆయన ‘సారంగధర’ యను నింగ్లీషు కావ్యము 1883లో ప్రకటింపబడెను. కలకత్తాలో ‘రీస్ అండ్ రయ్యత్’ పత్రికను నడపుచుండిన శంభుచంద్ర ముఖర్జీగారు దానిని మెచ్చి తమ పత్రికలో మరల ప్రకటించిరి. మెచ్చుచునే, మాతృభాషలో వ్రాయుమని హితవు చెప్పిరి.

హితవు వినినంతనే దారి తెరచుకొనలేదు. ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున రంగమెక్కి 1897లో అచ్చయ్యెను. అది వాడుకమాటల వచన నాటకము. ఆయన పేరు చెప్పగానే జ్ఞప్తికి వచ్చు ముత్యాలసరములు, లవణరాజు కల, కన్యక, పూర్ణమ్మ మున్నగు గేయములన్నియు 1910 మొదలు, 1915 నవంబరు 30న ఆయన కీర్తిశేషులగువరకు గల కొలది యేండ్లలోనివి. సారంగధరకును ముత్యాలసరములకును నడుమ 27 ఏండ్లు గడచినవి. ఏబదికి చేరువయైన ప్రాయమున ఆయన తన నడకను కనుగొనిరి.

అడ్డమెచట నుండునో విచారింతము. ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములు, పదవ యక్షరమున యతి. చంపకమాలకు 21, పదునొకండవ దాన యతి. శార్దూలమునకు 19, పదుమూడవ దాన యతి. అన్నిటను రెండవ యక్షరము ప్రాస. ఈ కొలతలు తిక్కన పోతనలకు రెక్కలైనవి. మనకు ఒక్కొకప్పుడు సంకెళ్ళగును. ఇంట మనమాడు మాట పాదమున నిముడదు. ఇమిడెడు మాట మన నోట రాదు. అంతట వ్యర్థపదముతో పాదమును పూరింతుము, భావము చల్లారిపోవును. కాబట్టి పెక్కుమార్లు కొఱత శక్తిలో గాదు, పాత్రలో నున్నది.

అప్పారావుగారు పాత్రను మార్చిరి. మూడు, నాలుగు, మఱల మూడు, నాలుగు – ఇట్లు పాదమునకు 14 మాత్రలు. కడపటి పాదము నిడివి మాఱవచ్చును. ప్రాస నిర్బంధము లేదు. ఈ నడక వింతది గాదు. మిశ్రగతిలో సాగు మన పాటలు వినిన చెవికి పరిచితమైనదే. వస్తువును గూడ దూరమునుండి తేలేదు. 1910లో హేలీ తోకచుక్క కనబడగా లోకులు కీడు శంకించిరి. ఆయన దానిని ఆలుమగల సంభాషణలో నిమిడ్చి, మేలునకు సూచనగా చూపిరి.

‘ఛందస్సే యడ్డమైనచో అవధానుల కెట్లు సాగినది?’ అని యొకరడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనది. అజ్జాడలో పుట్టి విజయనగరమున వెలసిన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) అష్టావధానములు చేసిరి. ఆయనకు గంటము నిలువనేలేదు. ఏలన, చిరకాలాభ్యాసముచే ఛందస్సే ఆయనకు మాటాడు భాష యయ్యెను. ఇద్దరి దారులు వేఱు; సూత్ర మొక్కటే. నోటికి పట్టుబడిన నడకలోనే కవిత్వము ప్రవహించును.

అప్పారావుగారి సహాధ్యాయులు గిడుగు రామమూర్తిగారును ముందు చెవినే నమ్మిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, కొండలలోని సవరల భాషను వారి నోటనే విని నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును రచించిరి.

కనుక గంటము నిలిచినపుడు మూడు పనులు చేయవచ్చును. చెప్పదలచిన దానిని ముందు ఇంటివారికి వచనముగా పైకి చెప్పి చూడుడు. చెప్పలేకపోయినచో భావమే యింకను పండలేదని తెలియును. భావము పండియు పద్యము రానిచో వృత్తమును విడిచి, ద్విపదనో తేటగీతినో, పాటవరుసనో పట్టుడు. అప్పటికిని రాకున్న కొంతకాలము ప్రక్కనుంచుడు. అప్పారావుగారి బిల్హణీయము, కొండుభట్టీయము నాటకములును అసంపూర్ణముగానే నిలిచినవి. అందుచే ఆయనకు కొఱత రాలేదు.

మీ యూరి చెఱువు కథ, కఱవునాటి ముచ్చట, తల్లులు పాడిన పాటల వరుస మీకు తెలిసినట్లు మీ మనుమలకు తెలియవు. యతి కుదరలేదని మీరు మానినచో పోవునది పద్యము మాత్రమే కాదు.