డొనేషన్ పోయి కోచింగ్ వచ్చె

డబ్బున్నవాళ్లకు సీట్లు అమ్ముకునే దారి మూసెయ్యాలని 1983లో ఆంధ్రప్రదేశ్ ఒక చట్టం చేసింది. క్యాపిటేషన్ ఫీజును, అంటే డొనేషన్‌ను, నిషేధించింది. ఇంజినీరింగ్, మెడికల్ సీట్లను ఉమ్మడి ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకును బట్టే ఇవ్వాలంది. ఆ బాటలోనే ఎంసెట్ వచ్చింది. 1986 నుంచి జేఎన్‌టీయూ దాన్ని నిర్వహించింది. రైతు కొడుకైనా, కలెక్టర్ కూతురైనా ఒకే ప్రశ్నపత్రం. ఆ ఉద్దేశాన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

చిక్కంతా పరీక్ష తీరుతో వచ్చింది. ఇంటర్ బోర్డు పరీక్షలో పేజీలకు పేజీలు జవాబులు రాయాలి. ఎంసెట్‌లో అన్నీ బిట్లే ఉండేవి. 3 గంటల్లో 160 ప్రశ్నలు, అందులో ఇంజినీరింగ్ వాళ్లకు లెక్కలే 80. ఒక్కో బిట్‌కు దక్కేది నిమిషం పైన కొన్ని సెకన్లు. సూత్రం ఎలా వచ్చిందో తెలిస్తే చాలదు, అడ్డదారిలో జవాబు తేల్చడమూ రావాలి. బైపీసీ పిల్లలైతే తెలుగు అకాడమీ జువాలజీ పుస్తకంలో ప్రతి వాక్యం కిందా గీత గీసుకునేవారు, ఏ లైను బిట్‌గా వస్తుందో తెలియదు కనుక. ఇదంతా క్లాసులో మామూలు పాఠంతో వచ్చేది కాదు. నేర్పేవాళ్లు కావాలి.

నేర్పేవాళ్లు వచ్చారు. నెల్లూరులో నారాయణ లెక్కల ట్యూషన్‌గా మొదలైంది. విజయవాడలో శ్రీచైతన్య 1986లో అమ్మాయిల జూనియర్ కాలేజీగా పుట్టింది. కాలేజీ, హాస్టల్, కోచింగ్ ఒకే గోడల మధ్యకు చేరాయి. స్టడీ అవర్, వీకెండ్ టెస్ట్, సీటు రానివాళ్లకు లాంగ్ టర్మ్... ఇవన్నీ ఇంటింటి మాటలయ్యాయి.

హైదరాబాద్ నల్లకుంటలో మాత్రం కథ వేరు. జనగామ ప్రాంతంలోని గూడూరులో పుట్టి, తెలంగాణ పోరాటంలో జైలుకెళ్లిన లెక్కల మాస్టారు చుక్కా రామయ్య, 1980ల్లో ఐఐటీకి పిల్లల్ని తయారుచేయడం మొదలుపెట్టారు. తెల్లవారకముందే క్లాసు. లెక్క చేసి చూపించడం కన్నా, లెక్క ముందు కూర్చోబెట్టి ఆలోచింపజేయడం ఆయన పద్ధతి. కొద్దిమందినే తీసుకునేవారు, అదీ సొంతంగా ఒక ప్రవేశ పరీక్ష పెట్టి. ఆ పరీక్ష గట్టెక్కించడానికి ఊళ్లో మళ్లీ వేరే కోచింగులు వెలిశాయి! జనం ఆయన్ని ‘ఐఐటీ రామయ్య’ అన్నారు.

వడపోత కోసం పెట్టిన ప్రతి పరీక్షా తన ముందు ఒక ఫీజు కౌంటరును పుట్టించింది. కాలేజీ గేటు దగ్గర కట్టాల్సిన డొనేషన్, రెండేళ్లు ముందుకు జరిగి ఇంటర్ హాస్టల్ ఫీజయింది. ఆ రెండేళ్లకు పిల్లలు చెల్లించింది డబ్బొక్కటే కాదు. వరుస ఆత్మహత్యల తర్వాత 2001లో ప్రభుత్వం ప్రొఫెసర్ నీరదారెడ్డి కమిటీని వేయాల్సి వచ్చింది. కమిటీ వచ్చినా చావులు ఆగలేదు. దీన్ని మామూలు విషయంగా తీసుకోవడానికి మనకు హక్కు లేదు.

ఈ పరీక్షల బాట తప్పించే దారి కూడా ఒకటుంది. బాసరలో ఐఐటీ పెట్టాలని రామయ్య గట్టిగా అడిగారు. ఐఐటీ మెదక్ జిల్లాకు వెళ్లింది. బాసరకు 2008లో ట్రిపుల్ ఐటీ దక్కింది. పదో తరగతి మార్కులే అక్కడ ప్రవేశానికి ఆధారం. సర్కారు బడిలో చదివిన పిల్లలకు అదనంగా కొంత కలుపుతారు. ఆరేళ్ల చదువు, చివర బీటెక్ పట్టా. లోపలికి వెళ్లడానికి ప్రవేశ పరీక్ష ర్యాంకు అక్కర్లేదు.