జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, చీపురుపల్లి

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల విజయనగరం జిల్లాలోని చీపురుపల్లి మండల కేంద్రమునందు గల ప్రభుత్వ విద్యాసంస్థ.

చరిత్ర

మద్రాసు రాష్ట్ర కాలములో గ్రామీణ ఉన్నత పాఠశాలలను జిల్లా బోర్డులు నిర్వహించేవి. 1959లో ఏర్పడిన జిల్లా పరిషత్తులకు ఆ బాధ్యత సంక్రమించింది. చీపురుపల్లి 1950 వరకు విశాఖపట్నం జిల్లాలోను, ఆ తరువాత శ్రీకాకుళం జిల్లాలోను ఉండి, 1979 జూన్ 1న ఏర్పడిన విజయనగరం జిల్లాలో చేరింది.

ప్రాముఖ్యత

మహాకవి గురజాడ అప్పారావు (1862–1915) తండ్రి ఉద్యోగరీత్యా ఇక్కడ ఉండగా ప్రాథమిక విద్యను చీపురుపల్లిలో అభ్యసించారు. తండ్రి మరణానంతరము విజయనగరం చేరగా, మహారాజా కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి ఆశ్రయమిచ్చి చదివించారు. అటువంటి ఆసరా లభించని పల్లె పిల్లల చదువు మధ్యలోనే ఆగిపోయేది. ఊరిలోనే ఉన్నత పాఠశాల ఉండుట వలన పేద రైతుల, కూలీల పిల్లలు ఇల్లు విడువకనే పదవ తరగతి పూర్తిచేయగలుగుతున్నారు.