విశాఖ పొలిమేరలో విజయనగరం పల్లెలు

1901 జనాభా లెక్కలు తిరగేస్తే విశాఖపట్నంలో 40,892 మంది, విజయనగరంలో 37,270 మంది కనిపిస్తారు. రెండూ ఇంచుమించు ఒకే పాటి ఊళ్లు. 2011 నాటికి మహా విశాఖ 17 లక్షలు దాటిపోయింది, విజయనగరం 2.28 లక్షల దగ్గర ఉండిపోయింది. మధ్యలోని ఈ నూట పదేళ్లు తెలిస్తేనే భోగాపురం, డెంకాడ, కొత్తవలస పొలాల్లో ఇవాళ వరసగా లేస్తున్న ప్లాట్ల హద్దురాళ్ల కథ తెలుస్తుంది.

1713లో పూసపాటి రాజులు విజయనగరంలో కోట కట్టారు. 1757లో బొబ్బిలి యుద్ధం, 1794లో కుంపిణీ సేనల చేతిలో పద్మనాభం దగ్గర ఓటమి, 1802లో శాశ్వత శిస్తు ఒప్పందం. రాజులు పోరాడారు, ఓడారు, జమీందారులుగా మిగిలారు. నాగలి పట్టిన రైతుకు మాత్రం 1908 ఎస్టేటు భూముల చట్టం వచ్చాకే సాగు హక్కుకు ఓ భరోసా దొరికింది. 1948 చట్టం జమీందారీలను రద్దు చేసింది. తాతలు అంత ఆలస్యంగా అందుకున్న ఆ పట్టాలనే మనవలు ఇవాళ రిజిస్ట్రార్ ఆఫీసులో చేతులు మారుస్తున్నారు. ఈ ప్రాంతపు చరిత్రలో నన్ను ఎక్కువగా కలచివేసే సంగతి ఇదే.

ఈ పల్లెల్లో ఇల్లంటే ఎలా ఉండేదో చెప్పుకోవాలి. సముద్రపు ఒడ్డున చుట్టిళ్లు: గుండ్రటి మట్టి గోడ, దాని మీద తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి దిగుతుందంటే లోపలికి నడుం వంచే వెళ్లాలి. తుపాను గాలికి ఎదురు నిలిచే మూల ఒక్కటీ లేని కట్టడం అది. లోపలి ఊళ్లలో గోడకు గోడ ఆనించిన వరస ఇళ్లు, వీధి పొడవునా కలిసిపోయిన అరుగులు. వెనక పశువుల శాల, ఊరి బయట కళ్లాలు, ఆపైన చెరువు. ఇంటి స్థలాన్ని ఎవరూ గజాల్లో కొలుచుకోలేదు.

ఆ ఇళ్లలోంచే జనం బయటికి నడిచారు. మెట్ట పంటలు, ఆకాశం మీద ఆధారం. చోడి, గంటి, గోగు పండినా ఏడాది పొడవునా పొయ్యి వెలగదు. ఒక తరం పడవెక్కి రంగం (రంగూన్) పోయింది. మరో తరానికి విశాఖ దారి దొరికింది: 1933లో రేవు, 1941లో నౌకా నిర్మాణ కేంద్రం, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, ఆ తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ. 1942 ఏప్రిల్‌లో జపాను బాంబులు పడినప్పుడు నగరం ఖాళీ చేసి జనం లోపలి పల్లెలకు పరుగెత్తారు. అదొక్కటి తప్పిస్తే శతాబ్దమంతా నడక ఇటునుంచి అటే. మట్టి మోసిందీ, కాంక్రీటు కలిపిందీ, రేవులో బస్తాలు ఎత్తిందీ చాలామటుకు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల వాళ్లే. విశాఖ ఈ పల్లెల చెమటతో పెరిగిన ఊరు. ఆ మాట విశాఖ తరచు మరిచిపోతుంది.

1978లో విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ (వుడా) ఏర్పడింది, 1979 జూన్‌లో విజయనగరం జిల్లా పుట్టింది. పాలన రెండు జిల్లాలైనా, ప్రణాళికలో ఈ పల్లెలు అప్పటినుంచే నగరానికి చెందినవి. జాతీయ రహదారి నాలుగు వరసలయ్యాక నగరం ఎదురు నడవడం మొదలైంది. జీడిమామిడి తోట కొట్టేస్తారు, సరుగుడు నరికేస్తారు. పొక్లెయిన్ వచ్చి గట్లన్నీ చదును చేస్తుంది. ఎర్రమట్టి రోడ్లు, తెల్లరాళ్లు, ముఖద్వారంలో ఓ ఆర్చి. ఎకరానికి 4,840 గజాలు. రోడ్లకు, పార్కుకు పోగా మిగిలేది సగానికి కాస్త పైన. రైతు ఎకరాల లెక్కన అమ్ముతాడు, కొనేవాడు గజాల లెక్కన కొంటాడు. ఆ రెండు లెక్కల మధ్య తేడా ఊరిది కాకుండా పోతుంది. అమ్మినవాళ్లను తప్పు పట్టలేను. ఆ డబ్బుతో అప్పులు తీరాయి, పిల్లలు ఇంజినీరింగ్ చదివారు.

అయితే ఇళ్లు లేచాయా? 2001 నుంచి 2011 వరకు విజయనగరం జిల్లా జనాభా పెరిగింది 4.23 శాతమే. ఆ పదేళ్లలోనే విశాఖ జిల్లా దాదాపు 12 శాతం పెరిగింది. ప్లాట్లు పెరిగినంత వేగంగా మనుషులు పెరగలేదు. కొన్నవాళ్లలో చాలామంది విశాఖలోనో హైదరాబాదులోనో విదేశాల్లోనో ఉంటారు, పొలంలో తుమ్మ మొలుస్తుంది. సాగు పోయింది, కాపురం రాలేదు.

భోగాపురం విమానాశ్రయం ఈ వేగాన్ని పదింతలు చేసింది. 2015లో ప్రభుత్వం అయిదు వేల ఎకరాలకు పైగా కావాలన్నప్పుడు రైతులు ఎదురు తిరిగారు, కోర్టుకెక్కారు. చివరకు విస్తీర్ణం సుమారు 2,200 ఎకరాలకు దిగింది. శంకుస్థాపన 2019లో ఒకసారి, 2023లో మరోసారి జరిగింది. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఖాళీ అయి, ఆ కుటుంబాలు పోలిపల్లి, గూడెపువలస కాలనీలకు చేరాయి. స్లాబు ఇళ్లు వచ్చాయి, రోడ్లు బాగున్నాయి. తోటలు మాత్రం వెంట రాలేదు.

2018లో వుడా స్థానంలోకి వచ్చిన విశాఖ మహానగర ప్రాంతాభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) ముందున్న అసలు పని నీళ్ల లెక్క. ఈ నేల చెరువుల గొలుసు మీద బతికింది. ఒక చెరువు నిండితే అలుగు పారి గెడ్డలోకి, గెడ్డలోంచి కింది చెరువులోకి, చివరకు గోస్తనికో చంపావతికో. లేఅవుట్ చదును చేసినప్పుడు మొదట పూడేది పంట బోదె. అది పూడితే కిందనున్న మూడు ఊళ్ల ఆయకట్టు ఎండుతుంది, గట్టి వాన కురిస్తే అదే లేఅవుట్ మునుగుతుంది. అందుకే అనుమతి కాగితం మీద సంతకం పడకముందే రెవెన్యూ పటంలోని చెరువు, గెడ్డ, బోదె హద్దులన్నిటికీ నేలమీద రాళ్లు పాతాలి. ఆ రాళ్లు ఊరి గ్రామసభ సమక్షంలో పడాలి.