అక్షరరూప పరిమాణదోషము – తత్పరిహారము

కంప్యూటరు తెరపై నక్షరములను బెద్దవిగాను జిన్నవిగాను జూపుటకు వాని యంచులను గణితరేఖలుగా భద్రపఱచి, కావలసిన పరిమాణమునకు గుణించుట పరిపాటి. దోషము గుణకారమునందు లేదు. తెరమీఁది పిక్సెళ్ల గడులలో నా ఫలము నిమిడ్చుటయందుఁ గలదు. 2048 భాగముల చతురశ్రమున రచింపఁబడిన యక్షరమును 16 పిక్సెళ్లకుఁ గుదించినచో, 192 భాగముల నిలువుగీత యొకటిన్నర పిక్సెలగును. నలుపు తెలుపులు మాత్రమే గల తెరపై సగము పిక్సెలు నింప వలనుపడదు. రెండంచులను వేర్వేఱుగా దగ్గఱి గడిగీతకు జరుపుటచే నొక గీత రెండు పిక్సెళ్లును, దాని జోడుగీత యొక్కటియు నగును. ఒకే యక్షరమున నొక కాలు లావు, వేఱొక కాలు సన్నము!

1991లో ఆపిల్ సంస్థ వెలువరించిన ట్రూటైప్ పద్ధతియం దంచులను గడిగీతలకుఁ జేర్చు నాజ్ఞలు ఫాంటులోనే యిమిడియుండును. మందు మంచిదే, కాని యందలి కొన్ని యంశములపైఁ బేటెంటు హక్కులుండెను. 1996లో డేవిడ్ టర్నర్ ఆరంభించిన ఫ్రీటైప్ స్వేచ్ఛాసాఫ్టువేరునకు దోషమును సవరించు తెలివి చాలియు, అనుమతి చాలదయ్యెను. అందుచే నక్షరాకృతిని దానే పరిశీలించి గీతలను సర్దుకొను స్వయంవిధాన మొకటి యందుఁ గల్పింపఁబడెను. నిర్బంధమునఁ బుట్టిన యీ యుపాయమే, యాజ్ఞలు లేని ఫాంటులకుఁ బరమోపకారి యైనది. 2010 మే నెలలో హక్కుల గడువు తీఱెను. ఆ జూలైలో వెలువడిన 2.4 కూర్పున ట్రూటైపు మూలాజ్ఞలు నిరాటంకముగా నమలులోనికి వచ్చెను.