కొలబద్ద నుంచి హాజరుపట్టీ దాకా: ఎరుకలపై నేరముద్ర

వేంకటాచల మాహాత్మ్య కథలో శ్రీనివాసుడంతటివాడు ఎరుకలసాని వేషం ధరించి ఆకాశరాజు అంతఃపురానికి వెళ్ళాడు. కొరవంజి యక్షగానాలలోనూ జరగబోయేది చెప్పేది ఆమెయే. తెలుగు సాహిత్యం ఇంతగా ఆదరించిన ఆ స్త్రీ సమాజాన్ని వలస ప్రభుత్వం పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసింది.

ఈ నమోదుకు నేపథ్యంగా నిలిచిన ‘శాస్త్రం’ దేహమాపనం. 1885 నుంచి 1908 వరకు మద్రాసు మ్యూజియం అధిపతిగా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలవారి తలలను, ముక్కులను కొలిచి, 1909లో కె. రంగాచారి సహకారంతో ఏడు సంపుటాలు ప్రచురించాడు. పోలీసు అధికారులకు ఈ విద్యపై ఉపన్యాసాలిచ్చాడు. ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ సామాజిక స్థాయి తగ్గుతుందన్న రిజ్లీ సూత్రం ఉత్తరాదిలో ఒక ప్రాంతం దాటితే నిలవదని 1932లో జి.ఎస్. ఘుర్యే నిరూపించాడు. ఆ కొలతల ఆధారంగానే అస్పృశ్యులది వేరే జాతి కాదని 1948లో అంబేద్కర్ వాదించాడు. అప్పటికే ఆ ఊహ హాజరుపట్టీలకెక్కింది.

1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. వేలిముద్రలు, పోలీసుల ముందు హాజరు, సంచారంపై ఆంక్షలు, పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం అందులోనివే. ఎడ్లపై తీరప్రాంతపు ఉప్పును లోనాడుకు చేరవేసే ఎరుకల వర్తకాన్ని దెబ్బతీసినవి రైళ్ళు, ప్రభుత్వ ఉప్పు విధానం. బతుకుతెరువు పోయినవారి సంచారమే నేరలక్షణమైంది. అయితే నింద అంతా దొరల మీదికే నెట్టడం సత్యదూరం. వీరిపై నిఘా ఉంచి కబురందించే బాధ్యతను చట్టం గ్రామాధికారులకూ అప్పగించింది.

1913లో బాపట్ల సమీపాన సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన సెటిల్మెంటుకు మద్రాసు ప్రభుత్వ ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువార్టు పేరు పెట్టారు. అక్కడివారు చీరాల ఐ.ఎల్.టి.డి. పొగాకు కర్మాగారంలో కూలీలయ్యారు. సంస్కరణ పేరిట కర్మాగారానికి కట్టుబడ్డ శ్రామికులు సమకూరారన్న కోణం మన చరిత్ర రచనలో తగినంత చర్చకు రాలేదు.

మద్రాసు రాష్ట్రం 1947లోనూ, కేంద్రం 1952 ఆగస్టు 31నా చట్టాన్ని రద్దు చేశాయి. కానీ 1948లో మద్రాసు, 1962లో ఆంధ్రప్రదేశ్ అలవాటైన నేరస్థుల చట్టాలు తెచ్చాయి. జాతి స్థానంలో వ్యక్తి వచ్చాడు. అనుమానం మాత్రం పాత ఇళ్ళ తలుపులే తట్టింది. 1991లో వెండితెరకెక్కిన ‘స్టువార్టుపురం’ పేరు, బాపట్ల ముఖం చూడని మలికిపురం వాసికి సైతం దొంగతనాన్నే స్ఫురింపజేస్తుంది. ఆ ఊరి యువకుడు ఉద్యోగ దరఖాస్తులో చిరునామా రాయవలసిన గడి ముందు ఆగవలసి రావడం ఈ చరిత్రలో భాగమే.

2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు నియమావళులలోని కులవివక్ష నిబంధనలను కొట్టివేస్తూ, విముక్త జాతులవారిని ఇష్టానుసారం అరెస్టు చేయరాదని పోలీసులను ఆదేశించింది. నేరస్థ జాతుల చట్టం రద్దయి అప్పటికి డెబ్బై రెండేళ్ళు.