ఒక్క అక్షరం మారితే పురుగు ఒంటరిదైపోయింది

ముందుగా ఒక సవరణ. ఇదివరకు ఒక ఎపిసోడ్‌లో "ప్రకృతిలో కలిసి తినే పురుగులున్నాయి, ఒంటరిగా తినేవీ ఉన్నాయి" అని చాలా కాన్ఫిడెంట్‌గా చెప్పేశా. తప్పు. ఆ తప్పు వెనక మాత్రం మంచి కథ ఉంది.

సీ. ఎలిగెన్స్ అని మిల్లీమీటరు పొడవుండే పురుగు. నులిపురుగులకు చుట్టమే గానీ మన కడుపులోకి రాదు, బ్యాక్టీరియా తిని బతికేస్తుంది. 1951లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ దగ్గర పుట్టగొడుగుల ఎరువులోంచి తీసిన వాటి సంతతి పేరు ఎన్2. 1960లలో సిడ్నీ బ్రెన్నర్ దీన్నే ఎంచుకున్నాడు. ల్యాబుల్లో ఇప్పటికీ ఇదే స్టాండర్డ్.

ఎన్2 ప్లేటు మీద విడివిడిగా మేస్తుంది. హవాయి నుంచి తెచ్చిన రకమేమో మేత అంచున గుంపుగా, ఒకదాని మీద ఒకటి పడి తింటుంది. 1998లో మారియో డి బోనో, కోరీ బార్గ్‌మన్ కారణం పట్టుకున్నారు. ఎన్‌పీఆర్-1 అనే రిసెప్టర్ ప్రోటీన్‌లో 215వ స్థానం. గుంపు పురుగుల్లో అక్కడ ఫినైల్‌అలనీన్, ఎన్2లో వాలీన్. అంతే తేడా! వాలీన్ ఉన్న జన్యువు ఎక్కిస్తే గుంపు పురుగు కూడా ఒంటరిగా తినడం మొదలెట్టింది.

గుంపు కట్టేది ప్రేమతో కాదండోయ్. గాలిలో ఉన్న 21 శాతం ఆక్సిజన్ వాటికి పడదు. బ్యాక్టీరియా మందంగా ఉన్న అంచులో, గుంపు మధ్యలో అది తక్కువ. వాలీన్ ఉన్న రిసెప్టర్ మరీ చురుగ్గా పనిచేసి, మేత ఉంటే చాలు, ఆ ఇబ్బందిని అణిచేస్తుంది.

సరే, ఈ రెండు రూపాలూ ప్రకృతి ఎంపికే అనుకున్నారు అందరూ. నేను చదివి చెప్పింది అక్కడిదాకే. కానీ బ్రిస్టల్ సంతతిలోనే ఇంకో శాఖ ఉంది, దాన్ని ద్రవంలో విడిగా పెంచారు. 2009లో బార్గ్‌మన్ బృందం చూస్తే, అందులో ఉన్నది ఫినైల్‌అలనీన్! అంటే వాలీన్ బయటి నుంచి రాలేదు, ల్యాబులోనే పుట్టింది. 1969లో ఫ్రీజ్ చేసి దాచే వరకు పురుగుల్ని ఏళ్ల తరబడి ప్లేటు నుంచి ప్లేటుకి మారుస్తూ వచ్చారు, మూడు నాలుగు రోజులకో తరం. అక్కడ ఏది బాగా పెరిగితే అదే మిగిలింది.

మా భాషలో చెప్పాలంటే, డెవలపర్ మెషీన్‌లో మాత్రమే పనిచేసే ప్యాచ్‌ని ప్రొడక్షన్ అనుకున్నాం. జంతువుల్లో మొట్టమొదట, 1998లోనే, పూర్తి జీనోమ్ చదివింది కూడా ఈ ఎన్2దే. ఇప్పుడు పరిశోధకులు కుళ్ళిన పళ్లలోంచి అడవి పురుగుల్ని ఏరి తెచ్చుకుని మళ్ళీ పోల్చి చూస్తున్నారు.